ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూశాకే కొనండి

ప్రశ్న: మేడమ్, మాది విశాఖపట్నం. మా వారికి హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ ఆఫీసుకు, నాకు కోఠిలోని కేంద్ర ప్రభుత్వ కార్యాలయానికి బదిలీ అయింది. బాబు ఏడో తరగతి పూర్తి చేశాడు. అత్తయ్యగారికి 72 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, మాతోనే ఉంటారు. మధురవాడలో స్థలం అమ్మగా 30 లక్షలు చేతిలో ఉన్నాయి. మరో 60 లక్షలు లోను తీసుకుని, వెళ్లగానే ఇల్లు కొనేయాలని మా వారి పట్టుదల. కొల్లూరులో ఎవరో ప్రీ లాంచ్ ఆఫర్ అంటున్నారు, డబ్బంతా ఒకేసారి కడితే బాగా తక్కువకు ఇస్తారట. మా అన్నయ్యేమో నిజాంపేట మంచిదంటున్నాడు. అత్తయ్యగారు గుడి, ఆసుపత్రి దగ్గరుంటే చాలంటారు. నాకు ఆ ఊరే తెలియదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏ ఏరియా చూసుకోమంటారు?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందుగా ఆ ప్రీ లాంచ్, అంటే అనుమతులు రాకముందే అమ్మడం, సంగతి. వద్దు. ఈ పేరా వరకు మీ వారికి చదివి వినిపించండి. ఇళ్లు కొనేవాళ్ల రక్షణకు రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, రెరా, 2016లో వచ్చింది. దాని ప్రకారం పెద్ద ప్రాజెక్టు ఏదైనా రెరాలో రిజిస్టర్ అయ్యేవరకు ప్రకటనలు ఇవ్వకూడదు, బుకింగులు తీసుకోకూడదు. రిజిస్టర్ అయ్యాక కూడా అమ్మకపు ఒప్పందం రిజిస్ట్రేషన్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి పుచ్చుకోకూడదు. కొనేవాళ్లు కట్టిన డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే వేరే ఖాతాలో ఉంచాలి. ప్రీ లాంచ్‌లో ఈ రక్షణ ఒక్కటీ ఉండదు. చాలాచోట్ల మీరు కట్టే డబ్బుతోనే బిల్డరు భూమి కొనాలి, దానితోనే అనుమతులకు తిరగాలి. మధ్యలో ఎక్కడ ఆగినా మీ చేతిలో మిగిలేది ఒక రసీదు. బ్యాంకులో గృహరుణాల విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. ఆ రసీదులు పట్టుకుని, వీటి మీద లోను వస్తుందా అని వచ్చినవాళ్ల మొహాలు నాకు ఇంకా గుర్తున్నాయి. కొల్లూరు ప్రాంతం మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. కట్టుబడి పూర్తయిన ఫ్లాటు అక్కడ దొరికితే అది వేరే సంగతి.

ఇక నేను చెప్పదలచుకున్న అసలు మాట. వెళ్లగానే కొనకండి. ఒక ఏడాది అద్దెకు ఉండండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం ఆ వీధిలో గడపండి. హైదరాబాద్‌లో ఇల్లు మంచిదా కాదా అన్నది ఎక్కువగా నీళ్లే తేలుస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో ఇంటికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? సెప్టెంబరు, అక్టోబరు వానల్లో ఇంటి ముందు నీళ్లు ఎటు పోతున్నాయి? ఈ రెండూ బ్రోచర్లలో ఉండవు. డిసెంబరులో ఫ్లాటు చూడటానికి వెళ్తే ప్రతి కాలనీ బాగానే కనిపిస్తుంది.

అద్దె దండగ అని మీ వారు అంటారని తెలుసు. లెక్క చూడండి. నెలకు 25 వేల అద్దె అనుకుంటే ఏడాదికి 3 లక్షలు. 60 లక్షల లోనుకు 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుంటే ఈఎంఐ 52 వేల పైచిలుకు. అందులో మొదటి ఏడాది వడ్డీ కిందే 5 లక్షలు పోతాయి. మీ 30 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటే వాటి మీద వడ్డీ కూడా వస్తుంది. ఈలోగా ధరలు పెరగవా అంటే, పెరగొచ్చు. కానీ నచ్చని చోట కొన్న ఫ్లాటును రెండేళ్లకే అమ్ముకుంటే రిజిస్ట్రేషన్ ఖర్చు, ఏజెంటు కమీషన్ రెండూ పోయినట్టే.

ఎక్కడ అద్దెకు ఉండాలి? మీ ఇంట్లో ఇద్దరి దారులు వేరు. సాధారణంగా ఇలాంటప్పుడు భర్త ఆఫీసు దగ్గర ఇల్లు చూసుకుని, భార్య రోజూ రానూపోనూ మూడేసి గంటలు తిరగడం చూస్తుంటాను. అది అన్యాయం. కోఠికి మెట్రో ఉంది. మియాపూర్, ఎల్బీ నగర్ మధ్య నడిచే ఎర్ర లైనులో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే కోఠియే. మియాపూర్‌లో ఎక్కితే సుమారు ముప్పావు గంట, అక్కడే బయల్దేరుతుంది కాబట్టి కూర్చోవడానికి సీటు దొరుకుతుంది. నానక్‌రామ్‌గూడకు ఇంకా మెట్రో లేదు, దగ్గరి స్టేషన్ రాయదుర్గం. కాబట్టి మెట్రో మీకు దగ్గరగా ఉండాలి, బండి మీద వెళ్లే దారి ఆయనకు కుదరాలి. ఈ రెండూ కలిసేది మియాపూర్, హఫీజ్‌పేట, చందానగర్ చుట్టుపక్కల. చందానగర్ నుంచి ఆయన నల్లగండ్ల, గోపనపల్లి మీదుగా ఆఫీసుకు వెళ్లిపోవచ్చు, గచ్చిబౌలి జంక్షన్ తగలదు. కొల్లూరు నుంచి ఆయనకు ఔటర్ రింగ్ రోడ్డు సుఖమే, మీకు మాత్రం మెట్రో చేరడమే రోజూ ఒక ప్రయాణం అవుతుంది. అన్నయ్యగారు చెప్పిన నిజాంపేట నుంచి జేఎన్‌టీయూ స్టేషన్ దగ్గరే. అయితే అక్కడ వీధి వీధికీ తేడా ఉంది. భండారీ లేఅవుట్‌లో 2016 వానల్లో అపార్ట్‌మెంట్ల సెల్లార్లు మునిగి జనం రోజుల తరబడి ఇబ్బంది పడ్డారు. నిజాంపేటలోనే ఎత్తు మీద ఉన్న వీధుల్లో ఆ బాధ లేదు. అందుకే ఏరియా పేరు విని నిర్ణయించవద్దంటాను. వీధి చూడాలి.

వీధిని ఎలా చూడాలో చెబుతాను. ఈ ఊరు రాతి మీద ఉంది. కింద గ్రానైట్. బోరు నీళ్లు పైనున్న పలచటి పొరలోనో, రాతి పగుళ్లలోనో దొరకాలి. పక్క అపార్ట్‌మెంట్ బోరులో నీళ్లున్నాయి కాబట్టి మీ దాంట్లోనూ ఉంటాయనే హామీ లేదు. వెయ్యి అడుగులు దించినా ఎండిన బోర్లు పడమటి వైపు కాలనీల్లో కోకొల్లలు. అందుకని నగరానికి నీళ్లిచ్చే జలమండలి కనెక్షన్ ఉందా, మంజీరా నీళ్లు ఎన్ని రోజులకోసారి వదులుతారు, ఎంతసేపు వస్తాయి అని అడగండి. ఇల్లు చూపించే ఏజెంటును అడిగి లాభం లేదు. వాచ్‌మెన్‌ను, వీధి చివర ఇస్త్రీ చేసే ఆయన్ని, వీలైతే ట్యాంకర్ డ్రైవర్‌ను అడగండి. అసోసియేషన్ దగ్గర మే నెల మెయింటెనెన్స్ బిల్లు, ఆగస్టు నెల బిల్లు పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటి మధ్య తేడా ట్యాంకర్ల ఖర్చే.

వాన నీటి సంగతి ఇంకా ముఖ్యం. హైదరాబాద్ నిండా గొలుసుకట్టు చెరువులు ఉండేవి, ఒకటి నిండితే అలుగు పారి కింది చెరువుకు నీళ్లు వెళ్లేవి. ఆ దారుల్లో కాలనీలు కట్టేశారు. పెద్ద వాన కురిస్తే నీళ్లు పాత దారే వెతుక్కుంటాయి. 2020 అక్టోబరులో టోలీచౌకీ నదీమ్ కాలనీ, కొంపల్లి ఉమామహేశ్వర కాలనీ మునగడానికి కారణం అదే. మీరు చూసే వీధిలో పాత ఇళ్ల ప్రహరీ గోడలకు నీటి మరకలు ఉన్నాయేమో గమనించండి. కరెంటు మీటర్ల బోర్డు మామూలు కంటే ఎత్తుకు మార్చారా? సెల్లార్‌లో నీళ్లు తోడే మోటారు ఎప్పుడూ సిద్ధంగా ఉంటోందా? గుమ్మాల ముందు అడుగెత్తు అరుగు కొత్తగా కట్టారా? ఇవన్నీ నోరు విప్పి చెప్పే సాక్ష్యాలు. అత్తయ్యగారి మోకాళ్ల కోసం గ్రౌండ్ ఫ్లోర్ తీసుకుందామని మీకు అనిపించవచ్చు. దానికంటే జనరేటర్ బ్యాకప్ ఉన్న లిఫ్టుతో మొదటి, రెండో అంతస్తు మేలు.

చెరువు పక్కన ఫ్లాటు అంటే అందరికీ ముచ్చటే. అమీన్‌పూర్ పెద్ద చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు, అక్కడ పక్షులను చూస్తే నాకూ కదలబుద్ధి కాదు. కానీ చెరువు నిండుగా ఉన్నప్పుడు నీరు నిలిచే హద్దును ఎఫ్‌టీఎల్ అంటారు. పది హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువైతే ఆ హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువైతే 9 మీటర్లు బఫర్ జోన్. అందులో ఇల్లు కట్టకూడదు. చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా 2024 జులైలో ఏర్పడింది, ఆ సెప్టెంబరులోనే మల్లంపేట కత్వ చెరువు దగ్గర విల్లాలు కూల్చేశారు. నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వారి చెరువుల వెబ్‌సైట్‌లో మ్యాపులు ఉంటాయి. చెరువుకు దగ్గరలో ఏది నచ్చినా సర్వే నంబరుతో ఆ మ్యాపు చూసి, ఇరిగేషన్, రెవెన్యూ వాళ్ల దగ్గర నిర్ధారించుకున్నాకే బేరానికి దిగండి.

ఇంకొకటి. నచ్చిన ఇంటికి రాత్రి పదింటికి ఒకసారి వెళ్లండి. బొల్లారం, ఖాజీపల్లి పారిశ్రామికవాడల వైపున్న బాచుపల్లి, అమీన్‌పూర్, మియాపూర్ కాలనీల్లో రాత్రిపూట రసాయనాల వాసన వస్తోందని అక్కడివాళ్లు ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. అన్ని వీధుల్లో ఉండదు, అన్ని రోజులూ ఉండదు. కిటికీ తెరిచి పడుకునే అలవాటున్న పెద్దావిడ ఇంట్లో ఉన్నప్పుడు ఇది చిన్న విషయం కాదు.

డబ్బు దగ్గరికి వస్తే, మీ 90 లక్షల బడ్జెట్ అంటే ఫ్లాటు ధర 80 లక్షలకు మించకూడదు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 6 లక్షలు. దీన్ని బ్యాంకు లోనులో కలపదు, మీ జేబులోంచే పోవాలి. 60 లక్షల లోను పోను 20 లక్షలు మీరు కట్టాలి. అంటే 26 లక్షలు అయిపోయాయి. మిగిలిన 4 లక్షలు కప్‌బోర్డులకు, సామాను లారీకి, స్కూలు ఫీజుకు. ఇంకా నిర్మాణంలో ఉన్న ఫ్లాటైతే 5 శాతం జీఎస్టీ అదనం, అదే 4 లక్షలు. ఓసీ, అంటే కట్టడం పూర్తయి నివాసానికి తగినదని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, వచ్చిన ఫ్లాటుకు జీఎస్టీ ఉండదు. మీ పరిస్థితికి ఓసీ ఉన్న రీసేల్ ఫ్లాటే సరి. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మేవారికిచ్చే డబ్బులోంచి 1 శాతం పన్ను (టీడీఎస్) పట్టుకుని మీరే ప్రభుత్వానికి కట్టాలని మరచిపోకండి. అమ్మేవారు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటే ఈ 1 శాతం లెక్క వర్తించదు, చాలా ఎక్కువ పట్టుకోవాలి, ముందే ఆడిటర్‌ను కలవండి.

కాగితాలు లాయరుకు చూపిస్తారు కాబట్టి వాటి గురించి ఎక్కువ రాయను. ఒక్కటి మాత్రం మీరే స్వయంగా చేయండి. మంజూరైన ప్లాను కాపీ తీసుకుని భవనం ముందు నిలబడి అంతస్తులు లెక్కపెట్టండి. మా బ్రాంచికి ఒక జంట ఫైలు వచ్చింది. ఫ్లాటు చక్కగా ఉంది, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) శుభ్రంగా ఉంది, లింకు డాక్యుమెంట్లు, అంటే పాత అమ్మకాల దస్తావేజులు, వరుసగా ఉన్నాయి. ప్లానులో ఉన్నవి స్టిల్టు (కింది పార్కింగ్) మీద ఐదు అంతస్తులు, వాళ్లు కొంటున్నది ఆరోది. లోను ఇవ్వలేమని మేము చెప్పేసరికి వాళ్లు 5 లక్షలు అడ్వాన్సు ఇచ్చేసి ఉన్నారు. అమ్మినాయన తిరిగి ఇవ్వలేదు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి, అక్రమ అంతస్తు కనిపించదు, కోర్టు కేసూ కనిపించదు. అందుకే "లోను రాకపోతే అడ్వాన్సు వెనక్కి ఇవ్వాలి" అనే మాట అగ్రిమెంటులో రాయించుకోకుండా ఒక్క చెక్కు కూడా ఇవ్వకండి.

బాబు విషయంలో ఆలస్యం చేయవద్దు. తెలంగాణలో మెడికల్ సీటుకు లోకల్ కావాలంటే ఇంటర్ రెండో సంవత్సరం వరకు వరుసగా నాలుగేళ్లు, అంటే తొమ్మిది నుంచి ఇక్కడే చదివి ఉండాలని 2024లో నిబంధన వచ్చింది, 2025లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఎనిమిదిలో ఇక్కడ చేరితే మీకు ఆ ఇబ్బంది లేదు. ఇంటి కోసం ఏడాది ఆగవచ్చు గానీ, ఒక్కరు ముందు వచ్చి పిల్లవాణ్ని వైజాగ్‌లో వదిలేసే ఆలోచన ఉంటే మానుకోండి.

అత్తయ్యగారికి చందానగర్, మియాపూర్‌లలో గుడులకూ ఆసుపత్రులకూ కొదవ లేదు. అద్దె ఇల్లు ఖాయం చేసేముందు ఆవిడను కూడా తీసుకెళ్లి ఆ వీధిలో నడిపించండి. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద ఆవిడ గుడిదాకా వెళ్లగలరో లేదో ఆవిడే చెప్పాలి.

ప్రశ్న: మేము వరంగల్‌లో ఉంటాం, ఉపాధ్యాయుడిగా రిటైరయ్యాను. పిల్లల దగ్గరుందామని బోడుప్పల్‌లో 120 గజాల పాత ఇల్లు చూశాం. ధర చాలా తక్కువ. రిజిస్ట్రేషన్ ఇప్పుడు ఆగిందనీ, నోటరీ మీద రాసిస్తాననీ అమ్మేవారు అంటున్నారు. తీసుకోవచ్చా?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మాస్టారూ, నోటరీ కాగితంతో ఇల్లు మీది కాదు. అది సంతకాలు ఎవరివో ధ్రువీకరిస్తుంది, అంతే. స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్ కావాల్సిందే. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాసిచ్చినా హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. రిజిస్ట్రేషన్ ఎందుకు ఆగిందన్నదే మీరు అడగాల్సిన ప్రశ్న. బోడుప్పల్‌లో కొన్ని కాలనీల భూములపై వక్ఫ్ వివాదం ఉంది. అలాంటి సర్వే నంబర్లను రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద నిషేధిత జాబితాలో పెడతారు. స్టాంపులు, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో మండలం, గ్రామం, సర్వే నంబరు ఇచ్చి ఆ జాబితా మీరే చూసుకోవచ్చు. నంబరు అందులో ఉంటే ధర ఎంత తక్కువైనా వదిలేయండి. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటే, చెక్కు నంబరు, తేదీ రాసి, డబ్బు వెనక్కి కావాలని స్పీడ్ పోస్టులో ఈ వారమే ఉత్తరం పంపండి. నగదు ఇచ్చి ఉంటే, వెళ్లి రసీదు రాయించుకోవడం మొదటి పని.