టెన్నిస్ అంపైర్లకు పక్షపాతం ఉంటుందా? లైన్ దగ్గర నిలబడ్డవాడిగా నా జవాబు

మీరు అడిగింది రెండు ముక్కలు: అంపైర్లు పెద్ద ప్లేయర్ల వైపు మొగ్గుతారా, 2018 యూఎస్ ఓపెన్ ఫైనల్లో సెరెనా విలియమ్స్‌కు జరిగింది అన్యాయమా అని. నేను చెయిర్ (మ్యాచ్ నడిపే ముఖ్య అంపైర్ కూర్చునే ఎత్తు కుర్చీ) ఎక్కినవాణ్ని కాదు. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూనే, సెలవులు పెట్టి మరీ కొన్నేళ్లు లైన్ అంపైరింగ్, అంటే గీతల దగ్గర నిలబడి తప్పులు అరిచి చెప్పే పని, చేశాను, కబ్బన్ పార్క్ స్టేడియంలో కూడా. వచ్చే డబ్బు ఆటోలకీ భోజనానికీ సరిపోయేది, అంతే. ఆట పిచ్చి ఉన్నవాళ్లే ఆ పని చేస్తారు.

ముందు నా తప్పు చెప్తాను, అది చెప్పకపోతే మిగతాదానికి అర్థం ఉండదు. ఒక మ్యాచ్‌లో నాది బేస్‌లైన్, అంటే కోర్టు చివరి గీత. సర్వ్ చేసేవాడి పాదం గీత తాకితే ఫుట్ ఫాల్ట్ అని గట్టిగా అరవాలి. రెండో గేమ్‌లోనే ఒక కుర్రాడికి అరిచాను, అతను నా వైపు కోపంగా చూశాడు, పోనీలే అనుకున్నాను. ఆట సాగి సాగి మూడో సెట్ టై బ్రేక్‌కి (సెట్ 6-6 అయితే తేల్చే గేమ్) వచ్చింది, 5-5, అతనిదే సెకండ్ సర్వ్, అదీ తప్పితే పాయింట్ పోతుంది, అదే పాదం, అదే గీత, కళ్లారా చూశాను, నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. పాయింట్ అతనికే వెళ్లింది, తర్వాతి పాయింట్‌తో మ్యాచ్ కూడా. అతను నాకు చుట్టం కాదు, మా ఊరివాడు కాదు, పేరున్న ప్లేయర్ అసలే కాదు. రాత్రి రూమ్‌లో ఈ సంగతి చెప్తే మా గుంటూరు ఫ్రెండ్ ఒక్క ముక్కలో తేల్చేశాడు: "నువ్వు వాడి వైపు లేవురా, గొడవ లేని వైపు ఉన్నావు."

నేను చూసినంతలో జరిగేది చాలావరకు ఇదే. కావాలని ఒకరిని గెలిపించేవాళ్లు నాకు తగల్లేదు. కానీ రెండో గేమ్‌లో ఉన్న రూల్ టై బ్రేక్‌లో లేకుండా పోవడం చాలాసార్లు చూశాను, నేనూ చేశాను. ఓడినవాడికి అది పక్షపాతంలా కనబడితే తప్పు పట్టలేం.

అందుకే 2009 యూఎస్ ఓపెన్ సెమీస్‌లో క్లైస్టర్స్ మీద ఆడుతున్న సెరెనాకు సెకండ్ సర్వ్‌లో ఫుట్ ఫాల్ట్ ఇచ్చిన ఆ లైన్ అంపైర్ అంటే నాకు గౌరవం. సెరెనా అప్పటికే 4-6, 5-6తో వెనకబడి ఉంది, స్కోరు 15-30. ఆ కాల్‌తో 15-40 అయింది, క్లైస్టర్స్ గెలవడానికి ఇంకొక్క పాయింట్ చాలు, ఆవిడ ఆ అంపైర్ మీదికి వెళ్లి తిట్టింది, పెనాల్టీ పాయింట్‌తో మ్యాచే ముగిసింది. నేనైతే నోరు మూసుకునేవాణ్ని, అది మాత్రం ఖాయం.

ఇక 2018. చెయిర్ అంపైర్ కార్లోస్ రామోస్ మొదట సెరెనాకు కోచింగ్‌కి (మ్యాచ్ మధ్యలో స్టాండ్స్‌లోంచి కోచ్ సలహా ఇవ్వడం అప్పట్లో నిషేధం) వార్నింగ్ ఇచ్చాడు, రాకెట్ విరగ్గొట్టినందుకు పాయింట్ తీశాడు, తనని దొంగ అన్నందుకు గేమ్ తీశాడు, రెండో సెట్‌లో 4-3 కాస్తా అవతల ఆడుతున్న ఒసాకాకి 5-3 అయింది. రూల్ బుక్‌లో వరస అదే, 17,000 డాలర్ల జరిమానా కూడా పడింది. కోచింగ్ ఇచ్చిన మాట నిజమేనని సెరెనా కోచ్ మురటోగ్లూ తనే ఒప్పుకున్నాడు, కాకపోతే అందరూ ఇస్తారు అన్నాడు. చిక్కంతా అక్కడే ఉంది. అందరూ చేసే పనిని ఒక ఫైనల్లో పట్టుకుంటే, రూల్ ప్రకారం కరెక్టే అయినా, చూసేవాళ్లకు నమ్మకం కలగదు. నన్నడిగితే ముందు మెల్లగా ఒక మాట చెప్పి చూడాల్సింది. 2025 నుంచి స్టాండ్స్‌లోంచి కోచింగ్‌ని అధికారికంగా అనుమతించారు, కాబట్టి ఆ గొడవకి మూలమైన నేరమే ఇప్పుడు లేదు!

అదే టోర్నీలో ఇంకోటి జరిగింది, దాన్ని జనం తక్కువ గుర్తు పెట్టుకున్నారు. కిర్గియోస్ అనే ప్లేయర్ నీరసంగా ఆడుతుంటే చెయిర్ అంపైర్ మొహమ్మద్ లాహ్యానీ చెయిర్ దిగి వెళ్లి నచ్చజెప్పాడు. ఆ తర్వాత కిర్గియోస్ పుంజుకుని గెలిచాడు. జాలితోనే చేసి ఉండొచ్చు, కానీ అవతల ఎర్బర్ అనే మనిషి ఆడుతున్నాడు కదా? లాహ్యానీని రెండు టోర్నీలకు పక్కన పెట్టారు. నా లెక్కలో ఇది రామోస్ చేసినదానికంటే పెద్ద తప్పు.

మెషిన్లు వచ్చాక ఇవన్నీ పోతాయి అంటారు. బంతి ఎక్కడ పడిందన్నంతవరకు ఒప్పుకుంటాను. 2004లో సెరెనా, కాప్రియాటీ మ్యాచ్‌లో తప్పుడు ఓవర్‌రూల్ (లైన్ అంపైర్ కాల్‌ని చెయిర్ అంపైర్ మార్చడం) మీద రేగిన గొడవ కూడా ఒక కారణమై 2006లో హాక్ ఐ (బంతి ఎక్కడ పడిందో కెమెరాలతో చూపే సిస్టమ్) వచ్చేసింది. 2025 వింబుల్డన్‌లో లైన్ అంపైర్లే లేరు, కాల్స్ మెషినే చెప్పింది. అయినా ఏమైంది? రష్యా ప్లేయర్ పావ్ల్యుచెంకోవా మ్యాచ్‌లో కోర్టు ఒక పక్క సిస్టమ్‌ని ఎవరో పొరపాటున ఆపేశారు, స్పష్టంగా అవుట్ పడిన బంతికి కాల్ రాలేదు, చెయిర్ అంపైర్ పాయింట్ మళ్లీ ఆడించాడు. అవతలి అమ్మాయి లోకల్ కాబట్టే ఇలా చేశారని ఆవిడ గట్టిగానే అంది. మ్యాచ్ చివరికి ఆవిడే గెలిచింది, అది వేరే సంగతి.

టై బ్రేక్‌లో ఓడిపోయిన ఆ రెండో కుర్రాడి సంగతి చెప్పలేదు కదూ. మరుసటి ఏడాది అతని మ్యాచ్‌కి నన్ను మళ్లీ బేస్‌లైన్‌కే వేశారు. మొదటి గేమ్‌లోనే అతని పాదం గీత మీద పడింది. ఈసారి అరిచాను.