సిమ్యులేషన్ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడికి ఆశీస్సులు.

నువ్వు పంపిన స్క్రిప్టు తీరిగ్గా చదివాను. కాన్పు తర్వాత రక్తస్రావం మొదలైతే ఏం చెయ్యాలో ఆసుపత్రి నర్సులకు నిజంగా జరుగుతున్నట్టే ఆడించి నేర్పే సిమ్యులేషన్ ట్రైనింగ్ కోసం రాశావు. కథలు రాసిన చెయ్యి కదా, తెలుస్తూనే ఉంది. పుట్టింటి గొడవలు, అత్తగారి సణుగుడు, వానలో ఆగిపోయిన ఆటో, అన్నీ కళ్ళకు కట్టాయి. కానీ సిస్టర్‌కి చెయ్యడానికి నువ్వేమీ మిగల్చలేదు. మూడో పేజీలోనే "రక్తస్రావం విపరీతంగా ఉంది" అని ట్రైనర్ చేత చదివించేశావు. ఇక ఆవిడ కనిపెట్టడానికేముంది?

రాయడం మొదలుపెట్టే ముందు ఒక్కటి తేల్చుకో: ఈ పది నిమిషాల్లో ఆ సిస్టర్ ఏ నిర్ణయం తీసుకోవాలి? నువ్వేమో రక్తస్రావం, ఫిట్స్, పుట్టిన బిడ్డ ఏడవకపోవడం, మూడూ కలిపేశావు. ఒకే రాత్రి మూడూ రావచ్చు, కాదనను. ట్రైనింగ్‌లో మాత్రం ఒకదాని మీద ఒకటి పడితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. రక్తస్రావం ఒక్కటే ఉంచు. నిర్ణయం కూడా ఒక్కటే: "ఇది మామూలుగా పోయే రక్తం కాదు" అని ఎప్పుడు గుర్తించి, ఎప్పుడు సాయం పిలుస్తుంది?

అత్తగారిని తీసెయ్యకు, ఆవిడ పనికొస్తుంది. సణుగుడు మాన్పించి, "సిస్టర్, మార్చిన గుడ్డ మళ్ళీ తడిసిపోయిందమ్మా" అనిపించు. అంతే. విన్నదా, లేదా కేస్ షీట్ నింపుకుంటూ "చూస్తానులే" అన్నదా అన్నది సిస్టర్ ఇష్టం. మీ సెంటర్‌లో కాన్పు నేర్పే బొమ్మ మామానాటలీ ఉందన్నావు. దాన్ని ట్రైనరే నడుముకి కట్టుకుని తల్లిగా కూర్చుంటుంది. రక్తం ఎంత పోవాలో, గర్భసంచి మెత్తగా ఉండాలో గట్టిపడాలో తన చేతుల్లోనే ఉంటుంది. కాబట్టి ఆ తల్లికి మాటలు రాయి, తక్కువగా. "దాహమేస్తోంది." కాసేపాగి, "కళ్ళు తిరుగుతున్నాయి." ఆ తర్వాత పిలిచినా సరిగా పలకదు.

అంకెల దగ్గర జాగ్రత్త. నీ స్క్రిప్టులో రక్తం పోవడం మొదలవగానే బీపీ 70కి పడిపోయింది. ఒంట్లో అలా జరగదు. వయసులో ఉన్న తల్లి శరీరం చాలాసేపు బీపీని నిలబెడుతుంది, ముందు పెరిగేది పల్స్. మొదట 110/70, పల్స్ 88 పెట్టు. తర్వాత బీపీ 106/70 దగ్గరే ఉంచి పల్స్‌ని 118కి తీసుకెళ్ళు. బీపీ ఒక్కటే చూసి "బాగానే ఉంది" అనుకునే సిస్టర్ ఇక్కడే ఆగిపోతుంది. మనకు కావలసిన చోటు ఇదే. ఆపైన 84/50, పల్స్ 134. ప్రతి మెట్టుకీ రెండు దారులు రాసిపెట్టు: గర్భసంచి మర్దన చేసి, దాన్ని గట్టిపరిచే ఆక్సిటోసిన్ మందు డ్రిప్ పెట్టి, రక్తస్రావం తగ్గించడానికి కాన్పయిన మూడు గంటల లోపే ఇవ్వాల్సిన ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము ఇస్తే ఏమవుతుంది, ఇవ్వకపోతే ఏమవుతుంది. ఇది పట్టికలా ఉంటే చాలు, వర్ణనలు వద్దు. ట్రైనర్‌కి ఆ సమయంలో పేరాలు చదివే తీరిక ఉండదు.

సెషన్ మొదలుకాకముందు ఓ పని చేయించు. అర లీటరు రంగునీళ్ళు కొలిచి, ఓ పాత కాటన్ చీర మీద పోసి, ఎంత ఉంటుందని అందరినీ అడగమను. చాలామంది తక్కువే చెబుతారు. కాన్పయిన 24 గంటల్లో 500 మిల్లీలీటర్లు దాటితే ప్రమాదమని పుస్తకంలో అందరూ చదివినవాళ్ళే. ఆ 500 గుడ్డ మీద ఎలా కనబడుతుందో మాత్రం ఎవరూ చూపించలేదు.

ఇక ఫోన్ కాల్. నువ్వు డాక్టరమ్మని విలన్‌ని చేశావు, అరిపించావు కూడా. అవసరం లేదు. పక్క థియేటర్‌లో సిజేరియన్‌లో ఉన్న మనిషిలా, హడావిడిగా, మామూలుగా మాట్లాడించు. సిస్టర్ "మేడమ్, పేషెంట్ కొంచెం డల్‌గా ఉంది" అంటే "సరే, ఫ్లూయిడ్స్ పెట్టు" అనేసి పెట్టేస్తుంది. "కాన్పయి నలభై నిమిషాలైంది, గర్భసంచి గట్టిపడలేదు, పల్స్ 118, మీరు ఇప్పుడే రావాలి" అంటే వస్తుంది. ఈ రెండు జవాబులూ స్క్రిప్టులో ఉండాలి.

పెద్దవాళ్ళకి గట్టిగా చెప్పలేకపోవడం మన వార్డుల జబ్బే అనుకోకు. 1978 డిసెంబర్ 28న అమెరికాలోని పోర్ట్‌లండ్ దగ్గర యునైటెడ్ 173 విమానం ఇంధనం అయిపోయి కూలింది. పది మంది పోయారు. ల్యాండింగ్ గేర్ (దిగడానికి వాడే చక్రాలు) సంగతి చూస్తూ కెప్టెన్ గాల్లోనే తిప్పుతున్నాడు. ఇంధనం తగ్గిపోతోందని కాక్‌పిట్‌లో మిగతావాళ్ళకి తెలుసు, అన్నారు కూడా. ఆయన్ని కదిలించేంత గట్టిగా అనలేదు. ఆ ప్రమాదం తర్వాతే విమానం నడపడంతో పాటు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం కూడా పైలట్ల శిక్షణలో భాగమైంది. నీ స్క్రిప్టులో ఆ ఫోన్ కాల్‌కి నేనిచ్చే విలువ అది.

కళ్ళకు పెట్టుకుంటే లేబర్ రూమ్ బొమ్మలా కనిపించే వీఆర్ హెడ్‌సెట్లు కొందామా అని మీ మేనేజర్ అడుగుతున్నారన్నావు. ఒక్కరే కూర్చుని వరుస నేర్చుకోవడానికి మంచివే. కానీ ఒకరు మర్దన చేస్తుంటే ఇంకొకరు ఐవీ పెట్టి, మూడో మనిషి మందు తేవాల్సిన చోట, మంచమూ మనుషులూ ఉంటేనే నాకు నమ్మకం.

మందు అంటే గుర్తొచ్చింది. వీలైతే ఒక్క సెషనైనా ట్రైనింగ్ హాల్లో కాకుండా లేబర్ రూమ్‌లోనే, నైట్ డ్యూటీలో పెట్టించు. ఆక్సిటోసిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, అంటే ఫ్రిజ్‌లో. ఆ ఫ్రిజ్‌కి తాళం ఉంటుందా? రాత్రిపూట తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది? తెచ్చేసరికి ఎంతసేపవుతుంది? స్టాప్‌వాచ్ పెట్టి చూడమను. అక్కడ ఆలస్యమైతే అది సిస్టర్ తప్పు కాదు, తాళంచెవి ఉంచిన చోటు తప్పు. సూపరింటెండెంట్ ముందు పెట్టాల్సిన కాగితం అది.

చివర్లో మాట్లాడుకునే సమయానికి నువ్వు అయిదు నిమిషాలే ఇచ్చావు. సీన్ పది నిమిషాలైతే దీనికి ఇరవై కావాలి. "ఎందుకు పిలవలేదు?" అన్న ప్రశ్న కొట్టెయ్యి. అది వినగానే అందరి ముందూ తలదించుకుని "సారీ మేడమ్" అంటుంది, ఇక నోరు విప్పదు. "పల్స్ 118 చూసినప్పుడు నీకేమనిపించింది?" అని రాయి. "నొప్పికి పెరిగిందేమో అనుకున్నాను" అంటుంది. సరిచెయ్యాల్సింది అప్పుడు దొరుకుతుంది. ఇంకో మాట, తల్లి చనిపోయే ముగింపు తీసెయ్యి. మొదటిసారి బొమ్మతో పనిచేసే పిల్లకి గుర్తుండిపోయేది ఆ చావే, మనం నేర్పింది కాదు.

మళ్ళీ రాసేటప్పుడు రెండు పేజీలు దాటనివ్వకు. రాసేముందు అనుమతి తీసుకుని లేబర్ రూమ్‌లో ఓ రాత్రి కూర్చో. సిస్టర్లు ఒకరినొకరు ఎలా పిలుచుకుంటారో, ట్రే ఎక్కడ పెడతారో, ఫోన్ ఎక్కడుంటుందో రాసుకురా. స్క్రిప్టుతో పాటు ఆ నోట్సు కూడా పంపు, చూస్తాను.

మీ అక్క