ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఫ్రంట్ లోడ్ మెషిన్ల గురించి వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం మెషిన్ చెడిపోయిందన్న ఫిర్యాదులే. చదివి చూస్తే చాలావాటికి మూలం దాన్ని నిలబెట్టిన నేల, దానికి ఇస్తున్న నీళ్లు, కరెంటు, పౌడరు. అలాంటి కొన్ని ప్రశ్నలకు ఈసారి వివరంగా జవాబులిస్తున్నాం.

ప్రశ్న: విజయవాడ నుంచి హైదరాబాద్‌కు ఇల్లు మారాం. సామాన్లు తెచ్చినవాళ్లే మెషిన్‌కు పైపులు బిగించి వెళ్లారు. స్పిన్ మొదలవగానే దడదడలాడుతూ ముందుకు జరిగిపోతోంది. పాత ఇంట్లో ఈ బాధ లేదు. చక్రాల స్టాండు కొంటే తగ్గుతుందా? – ఒక గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: స్టాండు కొనకండి, ఊపు ఇంకా పెరుగుతుంది. ఫ్రంట్ లోడ్ మెషిన్ గట్టి నేల మీద తన నాలుగు కాళ్లతో నేరుగా నిలబడాలి.

ముందు తలుపు తీసి, ఖాళీ డ్రమ్‌ను చేత్తో కిందికి నొక్కి వదలండి. డ్రమ్ చుట్టూ ఉండే టబ్బు పైనుంచి స్ప్రింగులకు వేలాడుతూ, కింద షాక్ అబ్జార్బర్ల మీద ఆనుకుని ఉంటుంది. నొక్కితే దిగి, వదలగానే పైకి వచ్చి ఆగిపోవాలి. అసలు కదలకపోతే వెనకవైపు ట్రాన్సిట్ బోల్టులు బిగించి ఉన్నాయన్నమాట. ప్రయాణంలో టబ్బు ఊగకుండా కట్టిపడేసే ఈ పొడవాటి బోల్టులు మోడల్‌ను బట్టి మూడో నాలుగో ఉంటాయి. 10 నుంచి 13 మిల్లీమీటర్ల పానాల్లో ఏదో ఒకటి సరిపోతుంది. వాటిని ప్లాస్టిక్ గొట్టాలతో సహా బయటికి లాగి, ఆ రంధ్రాలకు మూతలు పెట్టండి. బోల్టులు ఒక కవర్లో వేసి మాన్యువల్‌తో పాటు దాచుకోండి. మళ్లీ ఇల్లు మారేటప్పుడు అవి లేకపోతే చాలా ఇబ్బంది.

నొక్కి వదిలినప్పుడు రెండు మూడుసార్లు ఊగితే, బోల్టులు లేకుండానే మెషిన్‌ను లారీ ఎక్కించి ఉంటారు. టబ్బు అటూ ఇటూ కొట్టుకుని షాక్ అబ్జార్బర్లు దెబ్బతినడమో, స్ప్రింగు కొక్కెం నుంచి జారడమో, బరువు కోసం బిగించిన కాంక్రీటు దిమ్మ పగలడమో జరుగుతుంది. ఈ మూడింటినీ టెక్నీషియన్ చేత చూపించాకే మెషిన్ వాడండి. షాక్ అబ్జార్బర్లు మార్చాల్సి వస్తే అన్నీ ఒకేసారి మార్పించాలి. కొత్తదొకటి, పాతదొకటి ఉంటే టబ్బు ఒకవైపుకే లాగుతుంది.

డ్రమ్ బాగానే ఉంటే లోపం మట్టంలో ఉంది. మెషిన్ పైమూలలను ఎదురెదురుగా నొక్కి చూడండి. కాస్త ఊగినా ఒక కాలు నేలకు ఆననట్టే. మేస్త్రీలు వాడే రసమట్టం మెషిన్ మీద ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా పెట్టి, కాళ్లు తిప్పుతూ సరిచేయండి. కాళ్లను వీలైనంత తక్కువగా బయటికి తీయండి, పొడవు పెరిగేకొద్దీ ఊపు ఎక్కువవుతుంది. చాలామంది వదిలేసేది దీని తర్వాతి పని: ప్రతి కాలికీ ఉన్న చిన్న నట్టును పైకి తిప్పి, మెషిన్ అడుగుకు ఆనేలా బిగించాలి. అది వదులుగా ఉంటే స్పిన్ అదురుకు కాలు తనంతట తానే తిరిగి, పది ఉతుకుల్లో మట్టం పోతుంది.

డ్రెయిన్ పైపు కొస నేల నుంచి 60 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. బాత్రూం జాలీలోకి నేల మీదుగా వదిలేస్తే నీళ్లు పట్టినవి పట్టినట్టే సైఫన్‌లా జారిపోతాయి. మెషిన్ నిండక నీళ్లు తీసుకుంటూనే ఉంటుంది. మొదటి ఉతుకు బట్టలు లేకుండా వేసి, పైపుల దగ్గర చెమ్మ ఉందేమో చూడండి.

ప్రశ్న: మాది పై అంతస్తు, ట్యాంకు సరిగ్గా మా నెత్తిమీదే ఉంది. అయినా నీళ్లు రావడం లేదని మెషిన్‌లో ‘ఐఈ’ అని పడుతోంది. – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ట్యాంకు నెత్తిమీదే ఉండడమే మీ సమస్య. నీటి ఒత్తిడి ఎత్తును బట్టి వస్తుంది. ట్యాంకు అడుగుకూ కొళాయికీ మధ్య ఒక మీటరు ఎత్తుంటే 0.1 బార్. మీ స్లాబు మూడు మీటర్లు, కొళాయి ఒక మీటరు ఎత్తులో ఉందనుకుంటే మీకు దక్కేది 0.2 బార్. చాలా మెషిన్లకు కనీసం 0.3 నుంచి 0.5 బార్ కావాలి. కింది అంతస్తువాళ్లకు ఈ ఇబ్బంది రానిది అందుకే.

కొళాయి పూర్తిగా తిప్పి, బకెట్‌లో నిమిషంలో ఎన్ని లీటర్లు పడుతున్నాయో కొలవండి. ఎనిమిదికి తగ్గితే మెషిన్ నిర్ణీత సమయంలో నిండక తప్పు చూపిస్తుంది. బకెట్ బాగా నిండుతోందంటే కొళాయి కట్టేసి, మెషిన్ వెనక పైపు విప్పండి. లోపల చిన్న జల్లెడ ఉంటుంది. ముక్కు పటకారుతో మెల్లగా లాగి, పాత టూత్‌బ్రష్‌తో ఇసుక, తుప్పు కడగండి. ట్యాంకు కడిగించాక ఇది తరచూ మూసుకుపోతుంది.

ఒత్తిడే తక్కువైతే ట్యాంకును దిమ్మ మీదికి ఎత్తించాలి, లేదా ఆ లైనుకు చిన్న ప్రెషర్ పంపు పెట్టించాలి. పంపు కొనేటప్పుడు ప్రెషర్ స్విచ్ ఉన్నది అడగండి. ఫ్లో స్విచ్ రకం, అసలు ధారే సన్నగా ఉన్నచోట ఆన్ కాకుండా ఉండిపోవచ్చు.

ప్రశ్న: తడి చేత్తో మెషిన్‌ను ముట్టుకుంటే జిల్లుమంటోంది. మెకానిక్ వచ్చి మెషిన్‌లో లోపమేమీ లేదన్నాడు. వాడొచ్చా? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఎర్తింగ్ సరిచేసేదాకా వాడకండి. ప్లగ్గు తీసేయండి.

మెకానిక్ చెప్పింది నిజమే కావచ్చు. మెషిన్‌లోకి కరెంటు వచ్చేచోట ఒక ఫిల్టరు ఉంటుంది. దాని కెపాసిటర్లు ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ బాడీకి కలిసి ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కాస్త లీకేజీ నేలలోకి పోతుంది. లేకపోతే బాడీ మీద సుమారు సగం వోల్టేజీ, అంటే 115 వోల్టుల దాకా నిలుస్తుంది. కరెంటు చాలా స్వల్పం కాబట్టి జిల్లుమని ఊరుకుంటుంది. కానీ మీ సాకెట్‌కు ఎర్త్ లేదని అది చెబుతోంది. రేపు హీటరు పగిలి నిజమైన లీకేజీ వస్తే మిమ్మల్ని కాపాడేది ఆ ఎర్త్ తీగే.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సాకెట్‌లో కొలిపించండి. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య దాదాపు 230 వోల్టులు రావాలి, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య నాలుగైదు వోల్టులు మించకూడదు. సాకెట్‌లోనే న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు కలిపేసి ‘అయిపోయింది’ అనేవాళ్లున్నారు. అలా ఒప్పుకోవద్దు. ఎప్పుడైనా న్యూట్రల్ తెగితే బాడీ మొత్తానికి 230 వోల్టులు వచ్చేస్తాయి, ముట్టుకున్న మనిషి బతకడం కష్టం. ఎర్త్ పిట్ నుంచి విడిగా తీగ లాగించండి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (లీకేజీని పసిగట్టి కరెంటు ఆపేసే స్విచ్) పెట్టించండి. వేడినీళ్ల ప్రోగ్రాంలో మాత్రమే ఆర్‌సీసీబీ పడిపోతుంటే లోపం హీటరులో ఉందని వెతకొచ్చు.

ఇంకో మాట. హీటరు సుమారు 2000 వాట్లు లాగుతుంది, అంటే దాదాపు 9 ఆంపియర్లు. 16 ఆంపియర్ల సాకెట్, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు పనికిరాదు.

ప్రశ్న: ఉతికిన బట్టలు ముక్క వాసన వస్తున్నాయి. తలుపు రబ్బరు మడతల్లో నల్లటి మచ్చలు. నల్ల ప్యాంట్ల మీద తెల్లటి పొడి. మావి బోరు నీళ్లు. – ఒక ఉపాధ్యాయురాలు, అనంతపురం

జవాబు: వాసన, మచ్చలు, పొడి మూడూ ఒకచోటికే వస్తాయి: ఉప్పు నీళ్లలో ఎక్కువ పౌడరు, ఎప్పుడూ చల్లటి ఉతుకు. తాగే నీటి కాఠిన్యానికి, అంటే అందులో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాలకు, భారత ప్రమాణాల సంస్థ పెట్టిన కోరదగిన పరిమితి లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేనప్పుడు 600 దాకా. బోరు నీళ్లు చాలాచోట్ల ఈ పై అంకె దగ్గరికి వెళతాయి. ఆ నీళ్లలో పౌడరు సరిగ్గా పనిచేయదు, బట్టలు శుభ్రపడలేదని ఇంకాస్త వేస్తాం, అది కరగక బట్టల మీదా టబ్బు వెనకా జిగురులా పేరుకుంటుంది. బూజుకు అదే ఆహారం.

ముందు రబ్బరు. మడత విప్పి, గిన్నెలు తోమే ద్రావణంలో ముంచిన బ్రష్‌తో లోపలి అంచంతా రుద్దండి. అడుగున చిన్న రంధ్రాలుంటాయి, అక్కడ పేరుకున్న పీచు, వెంట్రుకలు తీయండి. పాత మచ్చలు పూర్తిగా పోకపోవచ్చు, జిగురు పోతే చాలు. పౌడరు అర మధ్యలో నాలుకలాంటిది నొక్కితే అర బయటికొస్తుంది, దాన్నీ అది కూర్చునే గూడునూ కడగండి.

తర్వాత టబ్బు. ఖాళీ డ్రమ్‌లో 100 గ్రాముల నిమ్మఉప్పు వేసి, కాటన్ ప్రోగ్రాం 60 డిగ్రీల మీద పూర్తిగా నడపండి. హీటరు మీది సున్నపు పెచ్చులు కరుగుతాయి. అయ్యాక మరొక్కసారి నీళ్లతో ఖాళీగా జాడించండి. నిమ్మఉప్పుతో పాటు బ్లీచింగ్ ఎప్పుడూ వేయకండి, విషవాయువు క్లోరిన్ పుడుతుంది. మీ నీళ్లకు మూడు నాలుగు నెలలకోసారి ఇది చాలు. మంచిదని నెలనెలా చేస్తే డ్రమ్‌ను వెనక నుంచి పట్టి ఉంచే అల్యూమినియం చట్రాన్ని (స్పైడర్) ఆమ్లం తినేస్తుంది. టబ్ క్లీన్ ప్రోగ్రాం మాత్రం నెలకోసారి వేయండి.

ఇక రోజూ: చేతి ఉతుకుకు వాడే పౌడరు మానేయండి, దాని నురగకు పంపు నీళ్లు తోడలేకపోతుంది. ఫ్రంట్ లోడ్‌కని రాసిన ద్రవమైతే పొడి మిగలదు. తిరిగేటప్పుడు అద్దంలో నురగ సగం దాటి కనబడితే మోతాదు ఎక్కువైందని గుర్తు. తువ్వాళ్లు, దుప్పట్లు వారానికోసారి 60 డిగ్రీల్లో ఉతకండి. ఒక జాడింపు అదనంగా పెట్టండి. బట్టలు తీశాక రబ్బరు తుడిచి, తలుపు, పౌడరు అర కాస్త తెరిచి ఉంచండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే తలుపు దగ్గర కన్నేసి ఉంచాలి.

ప్రశ్న: నీళ్లు బయటికి పోవడం లేదు, లోపల బట్టలతో ఆగిపోయింది. ‘ఓఈ’ అని చూపిస్తోంది. – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఎల్‌జీ మెషిన్లలో ‘ఓఈ’ అన్నా, శాంసంగ్‌లో ‘5సీ’ అన్నా, బాష్‌లో ‘ఈ18’ అన్నా అర్థం ఒకటే, నీళ్లు పోవడం లేదు. ప్లగ్గు తీసేయండి. వేడినీళ్ల ఉతుకైతే చల్లారే దాకా ఆగండి. కింద మూలనున్న చిన్న తలుపు తీస్తే గుండ్రటి ఫిల్టరు మూత, చాలా మోడళ్లలో పక్కనే సన్నటి గొట్టం కనబడతాయి. అడుగున పళ్లెం పెట్టి గొట్టం బిరడా తీయండి. నీళ్లన్నీ పోయాకే మూత ఎడమవైపు తిప్పండి. ముందే తిప్పితే గది నిండుతుంది.

దొరికేవి చిల్లర నాణేలు, పిన్నీసులు, జాకెట్టు హుక్కులు, పీచు. అన్నీ తీశాక టార్చి వేసి లోపలి పంపు రెక్కను వేలితో తిప్పండి. ఆగి ఆగి తిరగడం సహజమే, లోపల అయస్కాంతం ఉంటుంది. అసలు తిరగకపోతే పిన్నో దారమో చుట్టుకుని ఉంటుంది. రెక్క బాగా తిరిగినా పంపు మౌనంగా ఉంటే పంపే మార్చాలి. ఫిల్టరు బిగించేటప్పుడు మరలు సరిగ్గా కూర్చోబెట్టండి, వంకరగా కూర్చుంటే కారుతుంది. ఫిల్టరు శుభ్రంగా ఉన్నా ఇదే వస్తే డ్రెయిన్ పైపు మెలిక పడిందేమో చూడండి.

ప్రశ్న: స్పిన్‌లో విమానం లేచినట్టు హోరు. బేరింగ్ పోయిందని, టబ్బు మొత్తం మార్చాలని అన్నారు. చేయించాలా, కొత్తది కొనాలా? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ముందు మీరే నిర్ధారించుకోండి. డ్రమ్ పైఅంచు పట్టి ఎత్తితే టబ్బుతో సంబంధం లేకుండా డ్రమ్ ఒక్కటే కదిలినా, చేత్తో తిప్పితే గరగరలాడినా, మెషిన్ వెనక గోధుమరంగు తుప్పు చారలున్నా అది బేరింగే. గణగణమని అప్పుడప్పుడూ మోగితే నాణెమో బ్రా వైరో డ్రమ్‌కూ టబ్బుకూ మధ్య పడింది, అది చిన్న పని.

బేరింగు తనంతట తాను చెడడం తక్కువ. ముందు ఆయిల్ సీల్ అరిగి నీళ్లు దిగుతాయి, గ్రీజు పోయి తుప్పు పడుతుంది. అందుకే రెండు బేరింగులూ, సీలూ కలిపే మార్చాలి. మరలతో బిగించిన టబ్బు విప్పి మార్చొచ్చు, అతికించేసిన టబ్బయితే మొత్తం మార్చక తప్పదు. మరలతో బిగించినదైతే చేయించండి. అతికించినదై, మెషిన్‌కు ఏడెనిమిదేళ్లు దాటితే కొత్తదే నయం. నిర్ణయం తీసుకునేలోగా ఆ హోరుతో స్పిన్ వేయకండి, డ్రమ్ టబ్బును కోసేస్తుంది.

ప్రశ్న: ఎలుకలు వైర్లు కొరికేశాయి. బాగుచేయించాం. మళ్లీ రాకుండా ఎలా? – ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: చాలా మెషిన్లకు అడుగు భాగం తెరిచే ఉంటుంది. మీ మోడల్‌కు సరిపోయే అడుగు పలకను కంపెనీ సర్వీసు వాళ్ల దగ్గర అడిగి బిగించుకోండి. దొరకకపోతే సన్న కన్నుల ఇనుప జాలీని కాళ్లకు అడ్డు రాకుండా మరలతో బిగించవచ్చు. ఎలుకలు కొరికిన నష్టానికి వారంటీ సాధారణంగా వర్తించదు.

ప్రశ్న: ఉతుకు అయిపోయినా తలుపు వెంటనే తెరుచుకోదు. తాళం చెడిందా? – ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: లేదు. చాలా మెషిన్లలో తాళం లోపల వేడెక్కే చిన్న భాగం ఉంటుంది, అది చల్లారడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. పిడి పట్టి లాగితే అదే విరుగుతుంది. ఐదు నిమిషాలు దాటినా తెరుచుకోకపోతే అద్దంలో నీళ్లున్నాయేమో చూడండి. ఉంటే గుంటూరు పాఠకుడికి చెప్పినట్టు ముందు నీళ్లు తీయండి.