పెళ్ళి కేసెట్టు ఎక్కించే ముందు

ఒరేయ్ అల్లుడూ,

రాత్రి నీ ఫోను పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. కేసెట్టులో బొమ్మ కంప్యూటర్‌లోకి సరిగ్గా ఎక్కడం లేదని ఇప్పటికి మూడుసార్లు సాఫ్ట్‌వేర్ మార్చానన్నావు. దాని జోలికి పోకు. కేసెట్టు ఆడించే వీసీఆర్ నుంచి హ్యాండీక్యామ్ అనే చేతి వీడియో కెమెరా, అక్కణ్ణుంచి కంప్యూటర్: మధ్యనున్న ఆ హ్యాండీక్యామ్ చిన్న తెరే నీకు పంచాయితీ పెద్ద. బొమ్మ అందులో కనబడుతుంటే వీసీఆర్, వైర్లు మంచివే, గొడవ కంప్యూటర్ వైపు. అందులోనే లేదూ, కంప్యూటర్‌ని ముట్టుకోవద్దు.

తెర మీద బొమ్మ లేకపోతే కెమెరాలో కేసెట్టు తీసేసి, దాని స్విచ్చి ‘వీసీఆర్’ అని రాసున్న వైపు తిప్పు. అయినా రాలేదా, వీసీఆర్‌కి గుచ్చిన పసుపు పిన్ను (బొమ్మది) తీసి అక్కడ ఎరుపుది గుచ్చి చూడు. నవ్వకు! కెమెరాలో దూరే ఆ సన్న పిన్నుకి లోపలి తీగలు ఒక్కో కంపెనీ ఒక్కో వరసలో కలుపుతుంది. బజార్లో కొన్న వైరు చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది. నేనైతే ఇది తెలీక రెండు రోజులు వీసీఆర్ విప్పుకు కూర్చున్నా.

తెర మీద ఉండి కంప్యూటర్‌లోకి రాకపోతే కెమెరా మెనూలో ‘ఏ/వీ టు డీవీ అవుట్’ ఆన్ చెయ్యి. ఆ పాత కెమెరాల్లో యూఎస్‌బీ ఉన్నది ఫొటోలకే అనుకో, వీడియోకి ఫైర్‌వైర్ అనే వేరే రకం వైరే. రెండు వైపులా కరెంటు ఆపి గుచ్చు. ఆరు పిన్నులది తిరగేసి దూర్చావో, పోర్టు మాడిపోతుంది.

ఇరవై నిమిషాలకి ఆగిపోతోందన్నావు చూడు, అది జబ్బే కాదు. కెమెరా పంపే డీవీ రకం వీడియో గంటకి 13 జీబీ తింటుంది. నీ డిస్కు ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉండుంటుంది, అందులో ఒక ఫైలు 4 జీబీ దాటదు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి మార్చు. ఫార్మాట్ చేసి మార్చితే లోపలున్నదంతా పోతుంది, ముందే కాపీ తీసుకో.

బొమ్మ ఎగిరెగిరి పడ్డం మాత్రం కేసెట్టు ముసలితనం. వీసీఆర్ మీదున్న ట్రాకింగ్ మీట తిప్పినా తగ్గకపోతే ముందు కెమెరాలో పెట్టే చిన్న మినీడీవీ కేసెట్టు మీద రికార్డు చేసి, దాన్ని ఎక్కించు. రెట్టింపు టైము పడుతుంది, కానీ చాలాసార్లు అదే కుదురుతుంది.

ఇంకోటి. మీ అమ్మ పెళ్ళి కేసెట్లు 1996 నవంబరు తుఫానులో మంచం కింద నీళ్ళలో నానాయి. ఎండబెట్టాం గానీ మన కోనసీమ చెమ్మ నీకు తెలుసుగా. వెలుతురులో కేసెట్టు కిటికీలోంచి టేపు చుట్ట అంచుని చూడు. సున్నప్పొడి జల్లినట్టు తెల్లగా కనిపిస్తే బూజన్నమాట. అది నీ వీసీఆర్‌లో పెడితే టేపుని చదివే హెడ్డుకి అంటుకుని, తరవాత పెట్టే మంచి కేసెట్టుకి కూడా పాకుతుంది. ఇయర్‌బడ్స్‌తో హెడ్డు తుడుస్తానని కూర్చోకు, ఆ దూది పోగులే హెడ్డుకి చిక్కుకుంటాయి.

తెల్లమచ్చ లేనివి ఎక్కించుకో. ఉన్నవి ఒక సంచిలో వేసి ఆదివారం అమలాపురం బస్సెక్కు. బూజు కేసెట్లకని, పాడైనా పరవాలేదనుకున్న వీసీఆర్ ఒకటి అటకమీద ఉంచాన్లే, అందులో కానిద్దాం. తాతగారు కన్యాదానం చేసే కేసెట్టు మాత్రం నేను చూసేదాకా ఎందులోనూ పెట్టకు.

మావయ్య