విసిగించేది బోరింగ్, విసిగినది బోర్డ్

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

ఇంటర్వ్యూ కోసం నీ గురించి నువ్వు రాసుకున్న పేజీ చదివాను. చక్కగా ఉంది. మూడో లైన్లో మాత్రం ‘ఐ యామ్ ఇంట్రెస్టింగ్ ఇన్ బ్యాంకింగ్’ అన్నావు. బ్యాంకు పని మీద ఆసక్తి ఉందని చెప్పబోయి, నేనే ఆసక్తికరమైన మనిషినని చెప్పినట్టయింది. అక్కడ ‘ఇంట్రెస్టెడ్’ ఉండాలి. టెన్షన్ పడకు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఈ తప్పు ఎన్ని వందల పేపర్లలో దిద్దానో లెక్కలేదు. తెలివైన పిల్లలే చేసేవాళ్లు.

కారణం మన తెలుగులోనే ఉంది. ‘ఉత్తరం రాసిన అమ్మాయి’ అంటాం, ‘అమ్మాయి రాసిన ఉత్తరం’ అనీ అంటాం. ఒకే ‘రాసిన’, చేసినవాళ్లకీ సరిపోతుంది, చేసినదానికీ సరిపోతుంది. ఇంగ్లీషులో అలా కుదరదు. ‘రిటెన్ లెటర్’ ఉంటుంది కానీ ‘రిటెన్ గర్ల్’ ఉండదు. ఆ అమ్మాయి గురించి చెప్పాలంటే ‘ద గర్ల్ హూ రోట్ ద లెటర్’ అనాల్సిందే.

బోరింగ్ లాంటి ‘ఇంగ్’ మాటని ప్రెజెంట్ పార్టిసిపుల్ అనీ, బోర్డ్ లాంటి, ఎక్కువగా ‘ఎడ్’తో ముగిసే మాటని పాస్ట్ పార్టిసిపుల్ అనీ అంటారు. ఆ పేర్లు చూసి నిన్నా ఇవాళా అని ఆలోచించకు. నిన్న చూసిన సినిమా కూడా బోరింగే, రేపటి క్లాసులో నువ్వు అయ్యేదీ బోర్డే. నేను క్లాసులో చెప్పిన కిటుకు ఒకటుంది. ముందు ఆ మాట తెలుగులో అనుకో. విసిగించే, భయపెట్టే, ఆశ్చర్యపరిచే అని వస్తే ‘ఇంగ్’. విసిగిన, భయపడిన, ఆశ్చర్యపోయిన అని వస్తే ‘ఎడ్’. భయపెట్టే కుక్క ఫ్రైటెనింగ్ డాగ్, టపాసుల మోతకి మంచం కింద దూరిన కుక్క ఫ్రైటెన్డ్ డాగ్.

మనుషులకు ‘ఎడ్’, వస్తువులకు ‘ఇంగ్’ అని కొందరు ట్యూషన్లలో చెబుతారు. దాన్ని నమ్మకు. గంటసేపు వదలకుండా సోది చెప్పే మనిషి బోరింగ్ మనిషే.

ఇంకో రకం ఉంది. కల్లంలో ఆరబోసిన మిరపకాయలు నువ్వు చూసినవే. మొదటి రోజుల్లో గుప్పెట్లోకి తీసుకుంటే మెత్తగా, కాస్త చెమ్మగా తగులుతాయి. అవి డ్రైయింగ్ చిల్లీస్, ఎండుతున్నవి. కొన్నాళ్లకి అదే కాయ చెవి దగ్గర ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. అప్పుడవి డ్రైడ్ చిల్లీస్. ఇలాంటిచోట ఎవరు ఎవరిని ఏం చేశారని అడగక్కర్లేదు, జరుగుతోందా, అయిపోయిందా అని చూస్తే చాలు. రాలుతున్న ఆకు ఫాలింగ్ లీఫ్, రాలిన ఆకు ఫాలెన్ లీఫ్. పాస్ట్ పార్టిసిపుల్ అంటే ప్రతిసారీ చివర ‘ఎడ్’ రాదని కూడా దీన్నిబట్టి గుర్తుపెట్టుకో. బ్రోకెన్, స్టోలెన్, బర్న్‌ట్ లాంటివి నోటికి రావాలి, వాటికి వేరే దారి లేదు.

రోజూ పది మాటలు తీసుకుని జంటలుగా పైకి చదువు: టైరింగ్ జర్నీ, టైర్డ్ ప్యాసింజర్. ఇంటర్వ్యూలో ఆగి ఆలోచించే వ్యవధి ఉండదు, నాలుకకి అలవాటు కావాలి.

మార్కుల గురించి రాసిన లైన్లో ‘ఐ యామ్ సాటిస్‌ఫైయింగ్’ అని ఉంది. దాన్ని నేను దిద్దలేదు. నువ్వే దిద్ది, పేజీ మళ్లీ ఫోన్‌కి పంపు. రాత్రి భోజనాలయ్యాక చదివి కాల్ చేస్తాను.

నీ పెదనాన్న