లాభాలు బాగున్న కంపెనీ నిజంగా మంచిదేనా, షేరు ధర సరైనదేనా అని ఎలా తేల్చుకోవాలి?

లాభం కంటే ముందు నగదు చూడండి. బీఎస్ఈ వెబ్‌సైట్‌లో పదేళ్ల వార్షిక నివేదికలు తీసి, కార్యకలాపాల నుంచి వచ్చిన నగదును విడిగా, నికర లాభాలను విడిగా కూడి, రెండు మొత్తాలనూ పోల్చండి. నగదు లాభాల్లో 80 శాతం కూడా లేదంటే సరుకు అరువుకు పోతోందో, గోడౌన్‌లో పేరుకుపోతోందో వెతకాలి. అమ్మకాలు 10 శాతం పెరిగి, రావలసిన బాకీలు 30 శాతం పెరిగితే అనుమానించాల్సిందే. (బ్యాంకులకు ఈ లెక్క పనికిరాదు.)

అయితే ఈ ఒక్క పరీక్షే చాలదు. ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్‌లో బ్యాంకు నిల్వలే దొంగవి. 2008 సెప్టెంబరు నాటికి చూపిన 5,361 కోట్లలో 5,040 కోట్లు లేనివేనని 2009 జనవరిలో దాని ఛైర్మన్ రామలింగరాజే రాసిచ్చారు. అందుకే సంబంధిత పార్టీల లావాదేవీలు (యజమానుల బంధువులతో, వాళ్ల ఇతర కంపెనీలతో జరిగేవి), ప్రమోటర్లు, అంటే కంపెనీ యజమానులు, తాకట్టు పెట్టిన షేర్లు, ఆడిటర్ల రాజీనామాలు కూడా చదవాలి. నా లెక్కలో నివేదికలో అసలు విషయమంతా చివర్లో చిన్న అక్షరాల నోట్స్‌లోనే ఉంటుంది. ఛైర్మన్ లేఖ దాటేసినా నష్టం లేదు.

ఇక ధర. పీఈ (షేరు ధర, ఒక్కో షేరుకు వచ్చే లాభానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) ఒక్కటే చూసి చవక అనేయకండి. స్టీలు, సిమెంటు లాంటి రంగాల్లో లాభాలు శిఖరాన ఉన్నప్పుడే పీఈ తక్కువగా కనిపిస్తుంది. లెక్కను తిరగేయండి: ఇప్పటి ధర సరైనదే కావాలంటే నగదు ఎంత పెరగాలో చూడండి. మార్కెట్ విలువ (అన్ని షేర్ల ధర కలిపి) 10,000 కోట్లు, పెట్టుబడి ఖర్చులు పోను వచ్చే ఏడాది మిగిలే నగదు 250 కోట్లు అనుకుందాం. అంటే 2.5 శాతం. మీకు ఏటా 12 శాతం రాబడి కావాలంటే ఆ నగదు ఏటా 9.5 శాతం చొప్పున, ఎప్పటికీ పెరుగుతూ ఉండాలి. అంత కాలం అలా పెరిగే కంపెనీలు చాలా అరుదు.