పిల్లిని పెంచుకుంటానంటే అమ్మ ఒప్పుకోవడం లేదు, ఎలా ఒప్పించాలి?

ఎన్నిసార్లు అడిగినా మీ అమ్మగారు వద్దంటున్నారని, ఎందుకంటే బొచ్చు రాలుతుంది, ఇల్లు వాసన వస్తుంది అంటున్నారని రాశారు. మా అమ్మ కూడా అచ్చంగా ఇవే మాటలు అనేది. నేను రెండేళ్లు అడిగాను. ఇప్పుడు మా ఇంట్లో తొమ్మిదేళ్ల పిల్లి ఉంది, కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ముందు నేను చేసిన తప్పు. తొమ్మిదో తరగతిలో ఉండగా స్నేహితురాలి ఇంట్లో పిల్లి పిల్లలు పెట్టింది. వాటిలో ఒక కూనను ఎవరికీ చెప్పకుండా తెచ్చి నా గదిలో పెట్టుకున్నాను. కళ్లారా చూస్తే అమ్మ మనసు కరుగుతుందని ఆశ. దానికి అప్పటికి నాలుగు వారాలు. తల్లి కోసం రాత్రంతా అరిచింది. కూనలు కనీసం 8 వారాలు, వీలైతే 12 వారాలు తల్లి దగ్గరే పెరగాలని నాకు అప్పుడు తెలియదు. తెల్లవారగానే అమ్మ దాన్ని తల్లి దగ్గరకు చేర్చి రమ్మంది. ఆ అరుపు తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. తనను అడగకుండా చేశానన్న కోపం అమ్మకు చాలాకాలం పోలేదు. దయచేసి మీరు ఆ పని చేయకండి.

తరవాత కూడా నేను బొచ్చు గురించీ వాసన గురించీ వాదిస్తూనే ఉన్నాను. ప్రతి దానికీ జవాబు సిద్ధం చేసుకునేదాన్ని. ఒక సాయంత్రం అమ్మ గిన్నెలు కడుగుతుంటే తుడిచి పెడుతూ, వాదన మానేసి ఊరికే అడిగాను: "పిల్లి వస్తే నీకు అన్నిటికంటే కష్టం ఏది?" అమ్మ కొళాయి కట్టేసింది. "నువ్వు మూడేళ్లలో చదువుకని వెళ్లిపోతావు. దాని మలం ఎత్తేది నేను, జబ్బు చేస్తే తిప్పేది నేను, చచ్చిపోతే ఏడ్చేదీ నేనే" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఇంటిపట్టున పెరిగే పిల్లి 12 నుంచి 18 ఏళ్లు బతుకుతుంది, కొన్ని ఇరవై కూడా దాటుతాయి. అమ్మ ఆ లెక్క వేసుకుంది, నేను వేసుకోలేదు. మీ ఇంట్లోనూ బొచ్చు వెనక ఇంకేదో ఉండవచ్చు. అది బయటికి రానిదే మీరు చెప్పేదేదీ ఆమెకు ఎక్కదు.

ఆ రోజు నుంచి పిల్లి మాట ఎత్తలేదు. బడికి వెళ్లే ముందు ఇల్లు ఊడ్చే పని నేను తీసుకున్నాను, ఒక్క రోజు కూడా తప్పకుండా రెండు నెలలు. పశువైద్యుడి దగ్గరకు స్వయంగా వెళ్లి టీకాలకు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కు, తిండికి ఎంతవుతుందో కనుక్కుని కాగితం మీద రాశాను. నేను ఊళ్లో లేనప్పుడు ఎవరు చూస్తారన్న ప్రశ్నకు కూడా ఆ కాగితంలోనే చోటు పెట్టాను. నాన్న అది చదివి, ఆసుపత్రికి తిప్పే పని తనదని రాసి సంతకం చేశారు.

అయినా అమ్మను మార్చింది ఆ కాగితం కాదు. పొరుగువారు పది రోజులు ఊరెళుతూ తమ పిల్లిని చూసుకోమన్నారు. "పది రోజులేగా" అని అమ్మ సరేనంది. మొదటి రెండు రోజులు పిల్లి మలవిసర్జనకు పెట్టిన ఇసుక తొట్టి దగ్గరకు వచ్చి, వంగి వాసన చూసి వెళ్లేది. నేను పొద్దున, సాయంత్రం ఎత్తేస్తుంటే అక్కడ తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. నాలుగో రోజు పిల్లి వచ్చి అమ్మ చదువుతున్న పేపరు మీద ముడుచుకుని పడుకుంది. అమ్మ దాన్ని లేపలేదు. తనకు కనిపించే సగం పేజీనే చదువుకుంది. మీకు ఇలాంటి అవకాశం దొరికితే వదులుకోకండి.

ఆరోగ్యం విషయంలో మాత్రం మీ అమ్మగారి మాటను తేలిగ్గా తీసుకోకండి. అలర్జీ తెప్పించేది పిల్లి లాలాజలంలోనూ చర్మగ్రంథుల్లోనూ ఉండే ఫెల్ డి 1 అనే ప్రొటీన్. పిల్లి ఒళ్లు నాకుతున్నప్పుడు అది బొచ్చుకు అంటి, ఎండి గాలిలో కలుస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉంటే ముందు వైద్యుడిని అడగండి. ఆయన వద్దంటే అక్కడితో ఆగిపోండి. గర్భవతులు ఉంటే ఇసుక తొట్టి ముట్టుకునే పని వారికి ఇవ్వకూడదు. కడుపులో బిడ్డకు హాని చేయగల టాక్సోప్లాస్మా అనే క్రిములు పిల్లి మలంలో బయటికి వచ్చాక వ్యాధి అంటించే దశకు చేరడానికి 1 నుంచి 5 రోజులు పడుతుంది. అందుకే ఇంకొకరు రోజూ శుభ్రం చేయడం ముఖ్యం.

ఇంకో మాట. కూననే కావాలని పట్టుబట్టకండి. మేము రెండేళ్ల పిల్లిని తెచ్చుకున్నాం. ఆపరేషన్ అయిపోయింది, తొట్టి అలవాటైంది, దాని స్వభావం ఎలాంటిదో ముందే చూశాం. భయపడే తల్లికి అది ఎంతో ఊరట.

అమ్మ అన్నట్టే నేను చదువుకని వచ్చేశాను. తొట్టి ఇప్పుడు నాన్న శుభ్రం చేస్తారు. సెలవులకు వెళ్లిన రోజే గోళ్లు కత్తిరించడం, బొచ్చు దువ్వడం నా వంతు, అక్కడ ఉన్నన్నాళ్లూ తొట్టి కూడా నాదే. ఫోను చేస్తే అమ్మ ముందు పిల్లి తిన్నదో లేదో చెప్పి, ఆ తరవాతే నన్ను తిన్నావా అని అడుగుతుంది.